తుపాకి లేని పాయింటింగ్: వైజాగ్ కొండల్లో మీ కుక్కకి పూరేడు వాసన పట్టించడం ఎలా

ఈమధ్య పాయింటర్, జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ పెంచేవాళ్ళు అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మావాడు బాల్కనీలో పావురాన్ని చూసి ఒక కాలు ఎత్తి బొమ్మలా నిలబడిపోతున్నాడు, దీన్ని కొండ మీదకి తీసుకెళ్ళి సరిగ్గా నేర్పడం ఎలా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి గొంతు పోయింది కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నా, వరసగా చదవండి, మధ్యలో దూకితే మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు.

పాయింటింగ్ అంటే దాక్కున్న పిట్ట వాసన తగలగానే కుక్క అటు ముక్కు పెట్టి కదలకుండా నిలబడిపోవడం. ముందే ఒక మాట. దీన్లో వేట లేదు, చచ్చే పిట్ట లేదు. కుక్క ముక్కు, కొండ గాలి, నాలుగు ఈకలు, అంతే.

## 1. చట్టం సంగతి (ఇది దాటెయ్యొద్దు)

మన దేశంలో అడవి పిట్టని వేటాడటం నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద. చాలామందికి తెలియనిది ఏంటంటే ఆ చట్టంలో "వేట" అంటే కాల్చి చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, ఎర వెయ్యడం, తరమడం కూడా వేటే. అంటే మీ కుక్కని ఉసిగొలిపి అడవి పూరేళ్ళని (క్వెయిల్) లేపించినా, చేతిలో కర్ర కూడా లేకపోయినా, మీరు ఇరుక్కున్నట్టే. మామూలు కేసులకే మూడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా. అభయారణ్యంలో దొరికితే ఇంకా గట్టిగా ఉంటుంది.

కాబట్టి రూల్స్ ఇవి:

- కంబాలకొండ అభయారణ్యం, అటువైపు కుక్కతో ఆలోచనే వద్దు.
- సింహాచలం కొండల వైపైనా, అనంతగిరి, అరకు రోడ్డులోనైనా రిజర్వ్ ఫారెస్ట్ బోర్డు కనబడితే అక్కడితో ఆగిపోండి.
- ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు కొండ వాలుల్లో ప్రైవేటు జీడి తోటలు, మామిడి తోటలు ఉంటాయి. ఓనర్‌ని అడిగి, ఒప్పుకుంటేనే వెళ్ళండి.
- ట్రైనింగ్‌కి వాడేది ఫారంలో పెంచిన పిట్ట ఈకలు మాత్రమే. బజార్లో కౌజు పిట్ట అని అమ్మేది ఎక్కువగా ఫారంలో పెంచిన జపనీస్ క్వెయిల్. ఫారం వాడిని అడిగితే ఈకలు ఒక కవర్ నిండా ఊరికే ఇస్తాడు, పడేసేవే కదా.

బతికున్న పిట్టని కాళ్ళు కట్టి గడ్డిలో పెట్టే పద్ధతి కొంతమంది చెప్తారు. అది నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దు, జంతు హింస చట్టం సంగతి అటుంచితే అసలు దాని అవసరమే లేదు.

## 2. కుక్క సిద్ధంగా ఉందా?

ఆరు నెలల పిల్లకి ఇంటి దగ్గర ఆటలా మొదలెట్టొచ్చు. కొండ ఎక్కించడం మాత్రం ఏడాది దాటాకే, పెద్ద సైజు కుక్క అయితే ఏడాదిన్నర దగ్గరకి వచ్చాకే. ఎముకలు ఎదిగే వయసులో రాళ్ళ మీద నుంచి దూకిస్తే జాయింట్లు జీవితాంతం బాధ పెడతాయి.

బీచ్ ఇసకలో రోజూ పరిగెత్తే కుక్క ఫిట్‌గానే ఉంటుంది గానీ దాని పాదాలు మెత్తగా ఉంటాయి. మన కొండ రాయి గరుకు, పైగా ఎండకి పెనంలా కాలుతుంది. నాలుగైదు వారాల ముందు నుంచే రోజూ అరగంట మట్టి రోడ్డు, కంకర రోడ్డు మీద నడిపించండి. మొదటి వారమే కొండకి తీసుకెళ్తే అరికాలి చర్మం ఊడి వస్తుంది, తర్వాత పది రోజులు ఇంట్లో మీరు దానికి సేవలు చెయ్యాలి.

ఇక రేబిస్, మిగతా వేక్సిన్లు, ముఖ్యంగా లెప్టో (ఎలకల ఉచ్చ నుంచి సోకే జబ్బు) ఉన్నది, టైంకి పడి ఉండాలి. పిడుదుల మాత్రో, మెడ వెనక వేసే మందో మీ డాక్టర్ని అడిగి ముందే వేయించండి. మన దగ్గర పిడుదుల జ్వరం చిన్న విషయం కాదు.

## 3. సామాన్లు

పెద్ద ఖర్చేమీ లేదు.

- ముప్పై అడుగుల నైలాన్ తాడు, చిటికెన వేలంత లావుది. చివర ముడి వెయ్యొద్దు, పొదల్లో ఇరుక్కుంటుంది.
- మెడపట్టీ కాకుండా హార్నెస్ (ఛాతీకి చుట్టే పట్టీ). తాడు దానికే కట్టాలి.
- చిన్న ఇత్తడి గంట.
- విజిల్.
- మూతకి, పక్కలకి కన్నాలు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలు మూడు, జిప్ కవర్లో ఈకలు, రబ్బరు గ్లోవ్స్.
- ఖాళీ చేసిన టాల్కం పౌడర్ డబ్బా, అడుగున కొంచెం పౌడర్ ఉండేలా.
- మూడు లీటర్ల నీళ్ళు కుక్కకే. మీవి వేరే.
- ట్వీజర్, బ్యాండేజీ, సెలైన్ బాటిల్, కటింగ్ ప్లేయర్. ప్లేయర్ ఎందుకో తొమ్మిదిలో చెప్తా.

గంట సంగతి వివరంగా చెప్పాలి. కొండ వాలులో లాంటానా పొదలు దాటాక కుక్క కనబడదు. గంట మోగుతుంటే తిరుగుతోందని అర్థం, గంట ఆగిందంటే పాయింట్ పెట్టిందని అర్థం. జీపీఎస్ కాలర్లు వేలకి వేలు పోసి కొనేవాళ్ళు కొనుక్కోండి గానీ పూర్ణా మార్కెట్ వైపు దొరికే ఇత్తడి గంట సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఒకటే చిక్కు, అదే వాలులో మేకల మంద ఉంటే ఏ గంట మనదో తెలీక పిచ్చెక్కుతుంది. మేకల కాపరి గంటలకి భిన్నంగా మోగేది, సన్నటి శబ్దం వచ్చేది చూసి తీసుకోండి.

## 4. ఎప్పుడు వెళ్ళాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య. తెల్లారే వేళకి కొండ కింద ఉండాలి, ఎనిమిదిన్నరకి కారు ఎక్కెయ్యాలి. వైజాగ్ ఉక్కపోత గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, థర్మామీటర్ ఇరవై ఎనిమిది చూపించినా గాల్లో తేమకి కుక్క వగర్చి వగర్చి కూడా ఒంటి వేడి దింపుకోలేదు.

జీడి తోటల్లో సంక్రాంతి అటూ ఇటూ పూత మొదలవుతుంది, పిక్కలు రాలే ఎండాకాలం దాకా ఓనర్లు కొత్త మనిషిని చూస్తే కంగారు పడతారు. వాళ్ళ తప్పు కాదు, పంట. డిసెంబర్‌లోనే పని ముగించుకోండి లేదా పూత లేని పక్కన చేసుకోండి.

పల్చగా మంచు పడి గడ్డి తడిగా ఉన్న పొద్దు వాసనకి బంగారం. కుండపోత వానకి వాసన కొట్టుకుపోతుంది, ఎండకి కాలిన రాయి మీద అసలు నిలవదు.

## 5. గాలి, ఇదే అసలు పాఠం

ఇది వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. ఇది రాకపోతే ఎంత జాతి కుక్క అయినా కొండ మీద ఊరకుక్కే (ఊరకుక్కలకి క్షమాపణలతో, వాటి ముక్కు కూడా తక్కువేం కాదు).

మైదానంలో గాలి ఒక దిక్కు నుంచి వస్తుంది, అటు ముఖం పెట్టి నడిస్తే సరిపోతుంది. కొండకి సొంత గాలి ఉంటుంది. రాత్రంతా చల్లబడ్డ గాలి బరువెక్కి తెల్లారుజామున వాలు మీద నుంచి కిందకి జారుతుంది. ఎండ తగిలి రాయి వేడెక్కాక అదే గాలి పైకి ఎక్కుతుంది. తూర్పు వాలు ముందు తిరగబడుతుంది, పడమటి వాలు ఇంకా ఆలస్యంగా.

కాబట్టి:

- ఎండ తగలకముందు: కొండ కింద నుంచి మొదలెట్టి పైకి. వాసన కుక్క ముఖానికి దిగి వస్తుంది.
- ఎండ ఎక్కాక: పక్క దారిలో చుట్టు తిరిగి పైకి ఎక్కి, అక్కడ నుంచి కిందకి.
- మధ్యలో ఒక ఇరవై నిమిషాలు గాలి ఎటూ తేల్చుకోదు. అప్పుడు నీళ్ళు తాగించి నీడలో కూర్చోండి. ఆ టైంలో పని చేయిస్తే కుక్క తప్పు చేస్తుంది, మీరు తిడతారు, తప్పు మాత్రం గాలిది.

సముద్రం గాలి కూడా ఉంది కదా అంటారు. అది బాగా పొద్దెక్కాక గట్టిగా లోపలికి వస్తుంది, అప్పటికి మనం ఇంట్లో ఉండాలి. ఎప్పుడైనా ఆలస్యమైతే గుర్తు పెట్టుకోండి, ఆ గాలి కొండ దాటి అవతలి వాలులో సుడి తిరుగుతుంది, ఈక ఒకచోట ఉంటే వాసన ఇంకోచోట తగులుతుంది. అలాంటి పక్కన ట్రైనింగ్ వద్దు.

గాలి చూడ్డానికి పౌడర్ డబ్బా మోకాలి ఎత్తులో పెట్టి ఒక్క నొక్కు నొక్కండి. మీ తల ఎత్తులో కాదు, కుక్క ముక్కు ఉండే ఎత్తులో. రెండూ చాలాసార్లు వేరే దిక్కులు, నాకే మొదట్లో నమ్మకం కలగలేదు. ప్రతి యాభై అడుగులకీ చూడండి.

## 6. ఇంటి దగ్గర నేర్పాల్సింది: "ఆగు"

కొండకి ముందు రెండు మూడు వారాలు ఈ ఒక్క మాట మీదే పని చెయ్యండి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. ఒకరు "స్టాప్", ఒకరు "ఉండు", అమ్మ "ఒరేయ్ ఆగరా బాబూ" అంటే కుక్క ఎవరి మాటా వినదు.

1. అన్నం గిన్నె ముందు తాడుతో ఆపి "ఆగు" అనండి. మూడు సెకన్లు కదలకపోతే "పద" అని వదలండి.
2. రోజుకి కొంచెం పెంచుతూ అర నిమిషానికి తీసుకెళ్ళండి.
3. నడకలో ఉండగా "ఆగు". కూర్చోనివ్వొద్దు, నిలబడే ఉండాలి. కూర్చోవడం బాగా నేర్పేసిన కుక్కతో ఇక్కడే ఇబ్బంది, కూర్చోబోతుంటే పొట్ట కింద చెయ్యి పెట్టి లేపండి.
4. ఆగి ఉన్నప్పుడు మీరు దాని ముందు నుంచి అటూ ఇటూ నడవండి, చెప్పు విసరండి, బంతి దొర్లించండి. అప్పటికీ కదలకపోతే పాసైనట్టే.

"ఆగు" ఒక్కసారే అనాలి. పదిసార్లు అంటే పదోసారికి ఆగాలి అని నేర్చుకుంటుంది.

వెదురు కర్రకి దారం కట్టి చివర రెక్క వేలాడదీసి ఆడించే ఆట మీరు వీడియోల్లో చూసే ఉంటారు. బాగుంటుంది, ఫోటోలు బాగా వస్తాయి, కానీ మొత్తం మూడు నాలుగుసార్లకి మించి వద్దు. అది కంటితో పాయింట్ చెయ్యడం. మనకి కావాల్సింది ముక్కుతో.

## 7. ఈక పెట్టడం

గ్లోవ్స్ వేసుకోండి. మొదట్లో నేను ఒట్టి చేతులతో పెట్టేవాణ్ణి, మా గంగ (మా పాయింటర్ ఆడది) నేరుగా నా అడుగుల వాసన పట్టుకుని డబ్బా దగ్గరకి నడిచి వెళ్ళిపోయేది, నేనేమో ఎంత ముక్కురా బాబూ అని మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు డబ్బా పెట్టకుండా ఊరికే అలా నడిచి వచ్చా, ఆఖరి అడుగు దగ్గరకి వెళ్ళి ఆగి నా వైపు చూసింది. అప్పుడు తెలిసింది రెండు వారాలుగా అది పట్టుకుంటున్నది పూరేడుని కాదు, నన్ని.

- కుక్కని కారు దగ్గర కట్టేసి ఒక్కరే వెళ్ళండి.
- కుక్క వచ్చే దారిలో నడవొద్దు. చుట్టు తిరిగి, గాలికి అవతలి పక్క నుంచి వెళ్ళి పెట్టి, అటే వెనక్కి రండి.
- రాయి మొదట్లోనో గడ్డి దుబ్బులోనో డబ్బా పెట్టి ఆకులు కప్పండి. కంటికి కనబడకూడదు.
- ఇరవై నిమిషాలు వదిలెయ్యండి, వాసన పరుచుకోవాలి.

ఈకల కవర్ మీ బ్యాగ్‌లో వేసుకుంటే రెండు పొరలు కట్టండి. గంగ ఒకసారి నా బ్యాగ్‌కే పాయింట్ పెట్టింది, అయిదు నిమిషాలు కదల్లేదు.

## 8. కొండ మీద, వరసగా

అడ్డంగా నడవండి. గాలి పై నుంచి వస్తుంటే మీరు సూటిగా పైకి ఎక్కొద్దు. వాలుకి అడ్డంగా యాభై అడుగులు ఇటు, కొంచెం పైకి జరిగి యాభై అడుగులు అటు. వాసన డబ్బా దగ్గర సన్నగా ఉండి, దూరం వచ్చేకొద్దీ చేటలా విచ్చుకుంటుంది. ఆ చేటని కుక్క పక్క నుంచి తగలాలి.

తల చూడండి. వాసన తగిలిన క్షణం తల ఒక్కసారి గాలి వైపు విదిలిస్తుంది, తాడు పట్టుకుని లాగినట్టు. తోక ఊపు మారుతుంది. వెంటనే తాడు బిగించి ఆపండి. అరవొద్దు. అది నిలబడితే మీరూ నిలబడండి.

పక్క నుంచి రండి. వెనక నుంచి వెళ్తే మీరు తోస్తున్నారనుకుని ముందుకి దూకుతుంది. మెల్లగా పక్కకి చేరి, ఒక చెయ్యి నడుం మీద వేసి, వెంట్రుకలకి ఎదురు నిమరండి. తర్వాత వెనక నుంచి రెండు వేళ్ళతో చాలా మెత్తగా వాసన వైపు తొయ్యండి. మంచి కుక్క ముందుకి పోదు, కాళ్ళు నేలకి తన్నిపెట్టి వెనక్కి బిగుస్తుంది. ఆ బిగువు మీ చేతికి తెలుస్తుంది, కండ కొయ్యలా అవుతుంది, అదే పాయింట్.

మీరే వెళ్ళి తియ్యాలి. కుక్కని "ఆగు"లో ఉంచి మీరు ముందుకి వెళ్ళి గడ్డి తన్ని, డబ్బా బయటకి తీసి చూపించండి. అది కదిలితే మాటల్లేకుండా తీసుకొచ్చి అదే చోట నిలబెట్టండి. కదలకపోతే వెనక్కి వచ్చి మెచ్చుకుని "పద".

మూడు చాలు. ఒక పొద్దుకి మూడు డబ్బాలు. నాలుగోది పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు.

వాలులో మీరు కుక్కకి సరిగ్గా కింద నిలబడకండి, రాళ్ళు దొర్లుతాయి. తాడు చేతికి చుట్టుకోవద్దు, అది జారితే మీరూ జారతారు.

ఇక నిజం పిట్ట తగిలితే? తగులుతుంది. మన రాళ్ళ తుప్పల్లో తిరిగే అడవి పూరేళ్ళు గుంపుగా ఒకచోట నక్కి ఉండి, కాలు పడేంత దగ్గరకొచ్చాక బుర్రుమని నాలుగు దిక్కులకీ లేస్తాయి, గుండె ఆగినంత పనవుతుంది. కుక్క అలాంటి చోట పాయింట్ పెడితే మీరు ముందుకి వెళ్ళి లేపొద్దు. దగ్గరకి వెళ్ళి తాడు పట్టుకుని, మెచ్చుకుని, వచ్చిన దారినే వెనక్కి. గూడో పిల్లలో కనబడితే ఆ సీజన్‌కి ఆ పక్క మర్చిపోండి.

పర్వతాల్లో క్వెయిల్ వేట లైసెన్స్‌తో జరిగే అమెరికాలోని అరిజోనా లాంటి చోట్ల కూడా కుక్కకి ఇదే గొడవ. అక్కడ మీర్న్స్ క్వెయిల్ అడుగు దూరం వచ్చినా కదలదు, స్కేల్డ్ క్వెయిల్ ఎగరకుండా కాళ్ళతోనే పారిపోతుంది. కదలని పిట్ట మీద నేర్చుకున్న కుక్కకి పరిగెత్తే పిట్ట తగిలితే నేర్చుకున్నదంతా మర్చిపోతుంది. మన ఈక డబ్బా కదలదు కాబట్టి ఓపిక బాగా వస్తుంది, అడవి పిట్ట కదిలినప్పుడు మాత్రం "ఆగు" ఒక్కటే కాపాడుతుంది.

మా గంగ మొదటిసారి సరైన పాయింట్ పెట్టింది ఆనందపురం వైపు ఒక జీడి తోట వాలులో. గంట ఆగిపోయింది. వెళ్ళి చూస్తే రాయి పక్కన ముందరి కాలు మడిచి, తోక చాచి, కన్ను ఆర్పకుండా నిలబడి ఉంది, నోటి నుంచి చొంగ దారంలా కారుతోంది, దాని ముక్కు మీద ఈగ వాలినా విదల్చలేదు. నా వెనకే వచ్చిన గొర్రెల కాపరి తాత కాసేపు చూసి, "బావూ, నీ కుక్కకి ఏటయింది, అలా కొయ్యబారిపోనాదేటి, పామేటైనా ముట్టిందేటి?" అన్నాడు. డబ్బా తీసి చూపిస్తే ఈకల్ని చూసి, నన్ని చూసి, "దీనికా పొద్దున్నే ఇంత దూరం వొచ్చినావు" అని గొర్రెల్ని తోలుకుపోయాడు.

## 9. తప్పులు, రిపేర్లు

తొండకి పాయింట్ పెడుతోంది. అందరి కుక్కలూ పెడతాయి. తిట్టొద్దు, మెచ్చుకోవద్దు, మాట్లాడకుండా పక్కకి తీసుకెళ్ళిపోండి.

పాయింట్ పెట్టి మెల్లగా పాకుతోంది. మీరు డబ్బా దగ్గరకి వెళ్ళడం ఆలస్యమవుతోంది, లేదా "ఆగు" ఇంకా పచ్చిగా ఉంది. వారం రోజులు ఇంటి పాఠానికి వెనక్కి.

వాసన తగిలినా తెలియనట్టు తప్పుకుపోతోంది. ఇది అన్నిటికన్నా చెడ్డది. ఎప్పుడో వాసన దగ్గర మీరు గట్టిగా అరిచో, తాడు గుంజో ఉంటారు. పిట్ట వాసన అంటే దెబ్బ అని అనుకుంటోంది. నెల రోజులు ఈకలు ఆపెయ్యండి, ఆ తర్వాత తాడు వదులుగా, నోరు మూసుకుని మళ్ళీ మొదలెట్టండి.

నెమలి వెంట పరుగు. తాడు తీసేసే టైం ఇంకా రాలేదన్నమాట.

ఇప్పుడు ప్లేయర్ సంగతి. అడవి పందుల కోసం తోటల అంచుల్లో తీగ ఉచ్చులు పెడతారు, కొన్నిచోట్ల కరెంటు కూడా వదులుతారు. కుక్క పోయే దారి అదే. తోట ఓనర్ని, పనివాళ్ళని "ఎక్కడైనా తీగ ఉందా బాబాయ్" అని వెళ్ళిన ప్రతిసారీ అడగండి. ఉచ్చులో చిక్కితే ముందు దానికి కరెంటు లేదని తేల్చుకుని, ఆ తర్వాతే తీగ కత్తిరించాలి.

## 10. ఎమర్జెన్సీలో

వడదెబ్బ: నాలుక ముదురు ఎరుపు, తూలడం, వాంతి. మామూలుగా ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల దాకా ఉంటుంది, 41 దగ్గర పడితే ప్రాణం మీదకే. ముందు అక్కడే నీడలో ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య, పాదాలు తడిపి గాలి విసరండి, తర్వాతే కారు. తడి టవల్ కప్పి వదిలెయ్యొద్దు, అది వేడిని లోపలే పట్టేస్తుంది.

పాము: రక్తపింజర, నాగుపాము రెండూ ఈ రాళ్ళలో ఉంటాయి. కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ వద్దు. కుక్కని నడిపించొద్దు, ఎత్తుకుని తీసుకెళ్ళండి. దారిలోనే డాక్టర్‌కి ఫోన్ చేసి యాంటీవీనమ్ ఉందో లేదో కనుక్కోండి, లేదంటే ఇంకో చోటికి, తలుపు దాకా వెళ్ళి తెలుసుకుంటే టైం పోతుంది. ఏ క్లినిక్‌లో ఉందో ట్రిప్‌కి ముందు రోజే అడిగి పెట్టుకోవడం ఇంకా మంచిది.

## 11. బయల్దేరే ముందు, వచ్చాక

ముందు రోజు రాత్రి:

- ఓనర్‌కి ఫోన్
- ఈకలు, గ్లోవ్స్, పౌడర్ డబ్బా
- నీళ్ళు, గిన్నె
- డాక్టర్ నంబర్
- కుక్కకి రాత్రే తిండి, పొద్దున్న ఖాళీ కడుపు

ఇంటికి వచ్చాక స్నానం కంటే ముందు వెతకడం. చెవి లోపల, చంకల్లో, తోక మొదట్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు, పల్లేరు కాయలు, గడ్డి ముళ్ళు. ముల్లు చర్మంలోకి దిగితే లోపలికి నడుచుకుంటూ పోతుంది, రెండు రోజులకి చీము పడుతుంది. పిడుదుని చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టుకుని సూటిగా లాగండి, కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. రెండు మూడు వారాల్లో జ్వరం, తిండి మానెయ్యడం, చిగుళ్ళు పాలిపోవడం కనబడితే పిడుదులు పట్టాయని డాక్టర్‌కి మీరే చెప్పి రక్త పరీక్ష చేయించండి.

మర్నాడు సెలవు. తాడు ఉప్పు నీళ్ళలో కాకుండా మంచి నీళ్ళలో కడిగి నీడలో ఆరెయ్యండి. ఈకల కవర్ మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మా ఇంట్లో ఆ విషయం మీద ఇంకా గొడవ నడుస్తోంది.